అమెరికాలోని బ్రిటిష్ వలసల తిరుగుబాటుకి అసలు కారణం తేయాకు పన్నేనా?

బందరుబాబు:
పోటీ పరీక్షల గైడులో ఇలా ఉంది: "తేయాకుపై పన్ను పెంచడంతో 1773లో బోస్టన్ ప్రజలు తిరగబడ్డారు, అదే స్వాతంత్ర్యానికి దారితీసింది." నాకు సబబుగానే ఉంది. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

పాతకాగితం:
పెంచలేదండీ. 1767 టౌన్‌షెండ్ చట్టంలో పౌను తేయాకుకి 3 పెన్నీలు, 1773లోనూ అదే 3 పెన్నీలు. మధ్యలో 1770లో గాజు, కాగితం, సీసం, రంగుల మీద సుంకాలు ఎత్తేశారు, తేయాకు మీద మాత్రం ఉంచారు. 1773 చట్టం ఈస్టిండియా కంపెనీకి రెండు వెసులుబాట్లు ఇచ్చింది. ఒకటి, లండన్‌లో కట్టిన దిగుమతి సుంకం వాపసు. రెండు, అక్కడి వేలంపాటతో పని లేకుండా సరుకు నేరుగా అమెరికాకి పంపి, తను ఎంచుకున్న ఏజెంట్ల చేత అమ్మించుకోవడం. దాంతో ధర పడిపోయింది, డచ్చి దొంగసరుకుకి పోటీ వచ్చింది. కడుపు మండింది ఎవరికి? దొంగరవాణా చేసేవాళ్ళకి, ఏజెన్సీ దక్కని వర్తకులకి. జనం చేత ఆ తేయాకుని బోస్టన్ రేవు నీళ్ళలో పోయించింది వాళ్ళే.

బందరుబాబు:
3 పెన్నీలైనా పన్ను పన్నే కదా?

గోదారిగట్టు:
ఆ తేయాకు మన అస్సాంది కాదూ?

పాతకాగితం:
చైనాది. ఎక్కువ భాగం బొహీయా అనే నల్ల తేయాకు. అస్సాంలో తోటలు 1830ల్లో గానీ మొదలవలేదు. మనకి లంకె ఉన్నది కంపెనీ అప్పుల దగ్గర. 1769-70 బెంగాల్ కరువు, సైన్యం ఖర్చులు, 1772లో లండన్‌లో అప్పు పుట్టని పరిస్థితి. ఉత్తర సర్కార్ల కోసం 1766లో నిజాముకి ఒప్పుకున్న పేష్కష్ (ఏటా కట్టే కప్పం) కూడా ఆ కంపెనీ నెత్తినే ఉంది. ఒకపక్క గోదాముల్లో తేయాకు పేరుకుపోయింది, ఇంకోపక్క ప్రభుత్వం దగ్గర 14 లక్షల పౌండ్లు అప్పు చేయాల్సి వచ్చింది.

సీమమిరప:
ఇద్దరూ 3 పెన్నీల చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతున్నారు. ఆ డబ్బు ఎటు పోతుందో చూడండి. గవర్నర్లకీ జడ్జీలకీ జీతాలివ్వడానికి. అంతకుముందు ఆ జీతాలు వలసల శాసనసభలు ఇచ్చేవి. గవర్నరు మాట వినకపోతే జీతం ఆపేవి. ఆ పగ్గం చేజారిపోతోందని గొడవ. అందుకే పార్లమెంటులో కొందరు ఆ సుంకం కూడా తీసేయమన్నా ప్రధాని లార్డ్ నార్త్ ససేమిరా అన్నాడు.

బోస్టన్‌లోనే ఎందుకు పేలిందో కూడా చూడండి. ఓడ రేవుకి చేరిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు జప్తు చేస్తారు. డార్ట్‌మత్ ఓడ నవంబరు 28న వచ్చింది. సరుకు దించకుండా వెనక్కి పోదామంటే గవర్నర్ హచిన్సన్ అనుమతి ఇవ్వలేదు. పైగా ఏజెంట్లలో ఇద్దరు ఆయన కొడుకులే! గడువుకి ముందురోజు, డిసెంబరు 16 రాత్రి, మూడు ఓడల్లోని పెట్టెలు పగలగొట్టారు. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నుంచి ఓడలు సరుకుతో సహా తిరిగిపోయాయి. చార్లెస్టన్‌లో తేయాకు జప్తయి నేలమాళిగలోకి చేరింది, తర్వాత దాన్ని అమ్మి తిరుగుబాటుకే వాడుకున్నారు. అన్నిచోట్లా పన్ను ఒకటే, జరిగింది మాత్రం మూడు రకాలు.

నల్లరేగడి:
బోస్టన్ రేవు దాటి ఒక్కసారి వర్జీనియాకి రండి. 1763 అక్టోబరు 7 రాజప్రకటన అపలాచియన్ కొండలకి అవతల భూములు కొనొద్దు, స్థిరపడొద్దు అంది. భూముల బేరగాళ్ళ పెట్టుబడి అక్కడ ఇరుక్కుంది. జార్జ్ వాషింగ్టన్ 1767లో తన సర్వేయరుకి రాసిన ఉత్తరంలో ఇది ఆదివాసులని ఊరుకోబెట్టే తాత్కాలిక ఏర్పాటు మాత్రమే అన్నాడు, మంచి భూములు ముందే గుర్తించి పెట్టమన్నాడు. 1774 క్విబెక్ చట్టం ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న నేలంతా క్విబెక్‌లో కలిపేసింది. ఇక 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసల్లో తుపాకి పట్టగలిగినవాళ్ళు మా వైపు వస్తే స్వేచ్ఛ ఇస్తామన్నాడు. స్వాతంత్ర్య ప్రకటనలో "మా మధ్య అంతర్గత తిరుగుబాట్లు రేపాడు" అని రాజు మీద పెట్టిన నేరం ఇదే. భూమి, బానిసలు. మిగతాది అలంకారం.

సీమమిరప:
తేదీలు చూసుకోండి సార్. లెక్సింగ్టన్‌లో యుద్ధపు తొలి కాల్పులు 1775 ఏప్రిల్ 19న. డన్‌మోర్ ప్రకటన ఆ తర్వాత ఏడో నెలలో. ఏప్రిల్ పోరాటానికి నవంబరు ప్రకటన కారణమా? అయినా బానిసల భయమే కారణమైతే బ్రిటిష్ వాళ్ళ కరీబియన్ దీవులు జమైకా, బార్బడోస్ ముందు తిరగబడాలి. అమెరికా వలసలు ఎదురుతిరిగిన స్టాంపు పన్ను (పత్రాల మీద పన్ను) కూడా వాళ్ళు కట్టారు.

నల్లరేగడి:
అక్కడ బానిసలు తెల్లవాళ్ళకంటే ఎన్నో రెట్లు. ఎర్రకోట్ల బ్రిటిష్ సైన్యం వెళ్ళిపోతే యజమానికి తెల్లారదు. భయం వల్లే విధేయత. మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది. ఏప్రిల్ సంగతా? కాల్పులకి కారణం నేను చెప్పలేదు. దక్షిణాది పెద్దలు రాజీ మాట మానేసి స్వాతంత్ర్యం దాకా ఎందుకు వచ్చారో చెప్పాను.

బందరుబాబు:
పాతకాగితం గారు పోయిన నెల సిపాయిల తిరుగుబాటు చర్చలోనూ తూటాల కొవ్వు దగ్గరే కూర్చున్నారు. ఇప్పుడు నల్లరేగడి గారు అంతా భూముల బేరమేనంటున్నారు. రేపు మన స్వదేశీ ఉద్యమం కూడా మిల్లు యజమానుల లాభం కోసమే అంటారా?

నల్లరేగడి:
లాభపడ్డవాళ్ళు ఉన్నారా అని అడిగితే తప్పేంటి? అడగకూడదనుకుంటే ఇక చరిత్ర ఎందుకు, హరికథ చెప్పుకుందాం.

సీమమిరప:
అదిగో, ఇప్పుడు బయటపడింది. పెద్దల స్వార్థం చూపిస్తే మొత్తం తిరుగుబాటు బూటకమైపోతుందని మీ లెక్క. అలా అయితే మసాచుసెట్స్‌లోని ఊస్టర్ రైతుల మాటేమిటి? 1774లో మసాచుసెట్స్ పాలన చట్టం గవర్నరు సలహా మండలిని రాజు నియామకం చేసింది, గవర్నరు అనుమతి లేకుండా ఊరిసభ ఏడాదికి ఒక్కటే అంది. సెప్టెంబరు 6న 37 ఊళ్ళ నుంచి నాలుగు వేల మందికి పైగా వచ్చి కోర్టు తలుపు మూసేశారు. బారులు తీరిన జనం మధ్య నుంచి జడ్జీలూ అధికార్లూ టోపీ చేత్తో పట్టుకుని, రాజీనామా మాటలు ముప్పైసార్లకి పైగా చదువుతూ నడిచారు. వాళ్ళలో వర్జీనియా భూస్వామి ఎవడు?

నల్లరేగడి:
ఆ కోర్టులో విచారించేది ఎక్కువగా అప్పుల దావాలే. తలుపు మూస్తే జప్తు ఆగుతుంది.

సీమమిరప:
ఆగుతుంది. అప్పున్న రైతుకి జడ్జి తనవాడా, రాజుగారి జీతగాడా అన్నది మరీ ముఖ్యం కాదా?