అప్‌డేట్: బోనుల నుంచి వచ్చిన పెట్టలను పాత గుంపుతో కలపడం

గుడ్ల ఫారం బోనుల నుంచి మా జంతు సంరక్షణాలయానికి చేరిన 12 పెట్టలను అక్కడి పాత కోళ్లతో ఎప్పుడు కలపవచ్చునని కొంతకాలం క్రితం అడిగాను. తొందరపడవద్దని, కనీసం 30 రోజులు విడిగా ఉంచమని చెప్పినవారందరికీ కృతజ్ఞతలు. ఆ సలహా పాటించడం వల్లనే, మూడో వారంలో రెండు పెట్టల రెట్టలో నులిపురుగుల గుడ్లు బయటపడినా, అవి మిగతా కోళ్లకు సోకకుండా ఆపగలిగాము.

తరువాత ఇనుప వల అడ్డుపెట్టి, రెండు గుంపులూ ఒకదానినొకటి చూసుకునేలా పది రోజులు ఉంచాము. వల తీసినప్పుడు పొడుచుకోవడం జరిగింది గాని, మేత, నీళ్లు నాలుగైదు చోట్ల పెట్టడంతో బలహీనమైనవి కూడా తినగలిగాయి.

నన్ను ఎక్కువగా కలచివేసినది వాటి ఎముకల స్థితి. వీటి పూర్వజాతియైన ఎర్ర అడవికోడి ఏడాదికి 10 నుంచి 15 గుడ్లు పెడితే, గుడ్ల కోసం పెంచే ఈ రకాలు దాదాపు 300 పెడతాయి. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి కనుక, మేతలో చాలనిది ఎముకల నుంచే పోతుంది. ఒక పెట్టకు రొమ్ము ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందని పశువైద్యురాలు గుర్తించారు. అందుకే అవి ఎక్కి కూర్చునే దండేలను నేలకు అడుగు ఎత్తులోనే అమర్చి, ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచుతున్నాము.

మొదట్లో గడ్డి మీద కాలు మోపడానికే భయపడిన ఆ పెట్ట, ఇప్పుడు మధ్యాహ్నం పూట పొడిమట్టిలో రెక్కలు విప్పుకుని హాయిగా పొర్లుతోంది. బోడిగా ఉన్న మెడ మీద కొత్త ఈకలు వస్తున్నాయి.