‘నెనరూ న్యాయం విడనాడి’: ఇక్కడ నెనరు అంటే ప్రేమ ఒక్కటేనా?

మా పాపకు గురజాడ వారి పూర్ణమ్మ గేయం, డబ్బుకు ఆశపడి కన్నవాళ్లు ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల కథ, చదివి వినిపిస్తూ ఇక్కడ ఆగిపోయాను:

కాసుకు లోనై తల్లీ తండ్రీ
నెనరూ న్యాయం విడనాడి

‘నెనరు అంటే ఏంటి నాన్నా?’ అంది. ప్రేమ అని చెప్పేశాను. చెప్పాక నాకే తృప్తి లేదు. కవి ఆ మాటను న్యాయం పక్కన కూర్చోబెట్టి, రెండూ వదిలేశారని తల్లిదండ్రుల్ని నిలదీస్తున్నాడు. అంటే నెనరు బిడ్డకు వాళ్లు పడ్డ బాకీ. అదే గేయం చివర్లో పూర్ణమ్మ అన్నదమ్ములతో ‘మీ మీ కన్న బిడ్డల నొకతెకు ప్రేమను నా పేరివ్వండి’ అంటుంది. అక్కడ ప్రేమ, అడిగి పుచ్చుకునేది. అడక్కుండా దక్కాల్సింది నెనరు. నాకు అలా తోస్తోంది.

ఇది మన వైపు జరిగిన కథే. కన్యాశుల్కం మొదటి కూర్పు (1897) ముందుమాటలో గురజాడే రాశారు. విజయనగరం మహారాజు రాయించిన జాబితాలో, అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లకు 1034 శుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్ల తరఫువాళ్లు డబ్బు పుచ్చుకుని చేసినవి, తేలాయి. అందులో ముగ్గురు ఏడాది పిల్లలు. ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు! ఇది చదివాక ‘కాసుకు లోనై’ అన్న మాట గొంతు దిగడం లేదు.

— మాస్టారూ, న్యాయంతో న-న కలిసిందని నెనరు వేశారేమో? పైగా ఇప్పుడు నెట్‌లో నెనరులు అంటే థ్యాంక్స్ కదండీ.

— న-న అందం ఉంది బాబూ, కాదనను. థ్యాంక్స్ అన్నది ఈమధ్య మనం తెచ్చుకున్న అర్థం. నిఘంటువుల్లో ప్రేమ, దయ అనే ఉంటుంది. అయినా కృతజ్ఞతకు ఆ మాట ఇట్టే అతికిందంటే, ఇచ్చిపుచ్చుకునే గుణం అందులో ముందే ఉండి ఉంటుంది.

— మాది శ్రీకాకుళమండి. కూతురి మీద అణువంత శుల్కం కూడా తీసుకోకూడదని, లోభంతో తీసుకున్నవాడు ‘అపత్యవిక్రయి’, బిడ్డను అమ్ముకున్నవాడని మనుస్మృతి మూడో అధ్యాయంలోనే ఉంది. ఆ శాస్త్రం చదువుకున్న ఇళ్లలోనే 1034 పెళ్లిళ్లు జరిగాయి. న్యాయం వాళ్లకు తెలుసు. ముందు పోయింది నెనరు. పాదంలో కూడా అదే ముందుంది, చూడండి.

— ఆ వరస నేను గమనించలేదమ్మా. పాపకు ఒక్క ముక్కలో చెప్పేసింది ఈ రాత్రే సరిచేస్తాను.