ముఖాన్నీ గొంతునూ కలిపి మనిషిని గుర్తించే పద్ధతిపై సలహా కావాలి

నమస్కారం. తిరుపతిలోని మా ఇంట్లో, చూపు మందగించిన మా అమ్మమ్మకు గుమ్మం ముందు నిలబడినవారి పేరు చెప్పే ఏర్పాటును రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద సిద్ధం చేస్తున్నాను. ముఖానికి ఫేస్‌నెట్ అనే ముఖ గుర్తింపు మోడల్ ఇచ్చే 128 సంఖ్యల వరుసను (వెక్టర్‌ను), గొంతుకు ఎంఎఫ్‌సీసీ అనే, ధ్వని తీరును సంఖ్యల్లో చెప్పే లక్షణాలను వాడి, ముఖం, గొంతు ఎంత సరిపోలాయో చెప్పే రెండు స్కోర్లకూ సమాన ప్రాధాన్యం ఇస్తున్నాను. కొండ మీద తలనీలాలిచ్చి, మీసం కూడా తీయించుకుని, నుదుట నామంతో వచ్చిన మామయ్యను అది కొత్తవారిగా చూపింది. అదే సమయంలో వంటింట్లో కుక్కర్ కూత వేయడంతో గొంతు స్కోరూ పడిపోయింది. బయటివారిని ఇంటివారిగా చెప్పడం అమ్మమ్మకు ఇంకా ప్రమాదం కనుక, ఇంటివారిగా ఒప్పుకోవడానికి కావలసిన కనీస స్కోరును తగ్గించడం నాకు సమ్మతం కాదు. వెలుతురును, చప్పుడును బట్టి ఆ ప్రాధాన్యాలను అప్పటికప్పుడు మార్చే పద్ధతిని అమలు చేసినవారు, ముఖ చిత్రం, గొంతు రికార్డింగుల నాణ్యతను దేనితో కొలిచారో, ఒక్కొక్కరివి ఎన్ని నమూనాలు సరిపోయాయో దయచేసి తెలియజేయగలరు. ముఖాలూ గొంతులూ ఇల్లు దాటి ఏ సర్వరుకూ వెళ్లకూడదన్నది మా ఇంటివారందరి షరతు.