లివర్ జబ్బు తీవ్రత చెప్పే మెల్డ్ స్కోరు 22 వచ్చింది, దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మాది కావలి. మా బాబాయికి లివర్ సిర్రోసిస్. పొట్టలో నీరు చేరి లుంగీ ముడి కూడా నిలవడం లేదు. నెల్లూరులో టెస్టులు చేయించాం: బిలిరుబిన్ (కామెర్ల టెస్టు) 4.2, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే టెస్టు) 1.9, క్రియాటినిన్ (కిడ్నీల టెస్టు) 1.4. వీటితో మెల్డ్ 22. ఆల్బుమిన్ (రక్తంలో ప్రొటీన్) 2.6 కావడంతో, పొట్టలో నీరు కూడా కలిపి లెక్కేస్తే, లివర్ జబ్బుకే వాడే ఇంకో లెక్క చైల్డ్-పగ్‌లో 'సి', అంటే అన్నిటికన్నా తీవ్రమైన దశ. మెల్డ్‌తో మూడు నెలల్లో ప్రాణానికి ఉన్న ముప్పు అంచనా వేస్తారని తెలిశాక ఇంట్లో ఒకటే టెన్షన్.

నా అనుమానమంతా క్రియాటినిన్ మీదే. అంతకుముందు 0.9 ఉండేది, అప్పటి లెక్కయితే స్కోరు 19. టెస్టుకు ముందు విరేచనాలు పట్టుకున్నాయి, పైగా నీరు తగ్గే మాత్రలు వేసుకుంటున్నాడు, వాటివల్లే పెరిగిందేమో. మరి ఏది నమ్మాలి? కోలుకున్నాక మళ్లీ చేయించాలా? రక్తంలో సోడియం విలువ కూడా లెక్కలో కలిపితే స్కోరు బాగా మారుతుందా? లివర్ మార్పిడి కోసం జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) పేరు నమోదు గురించి ఇప్పుడే డాక్టర్‌ని అడగాలా? ఇంట్లో ఇలాంటి కేసు చూసినవాళ్లు, డాక్టర్లు దయచేసి చెప్పండి.