ఆయిల్ డ్రెయిన్ బోల్టు దగ్గర కారుతోంది: వాషరు మార్చాలా, ఇంకా బిగించాలా?

నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. గత ఆదివారం మొదటిసారిగా మా కారు ఇంజన్ ఆయిల్ నేనే మార్చాను. పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు వేసే కొత్త అల్యూమినియం వాషరు దొరకక పాతదాన్నే తుడిచి వేసి, మాన్యువల్‌లో చెప్పినట్లు బిగింపును కొలిచే టార్క్ రెంచితో బోల్టును 39 న్యూటన్ మీటర్లకు బిగించాను. మర్నాడు ఉదయం కింద పరిచిన అట్టముక్క మీద రూపాయి బిళ్ళంత మరక, బోల్టు తల అంచున వేలాడుతున్న చుక్క కనిపించాయి.

ఆ వాషరు ఒకసారి నలిగితే రెండోసారికి సరిగా పనిచేయదని ఇప్పుడు తెలిసింది. ఆ బోల్టు ఎక్కే ఆయిల్ చాంబరు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అల్యూమినియంది కాబట్టి, ఇంకా బిగిస్తే మరలు పోతాయన్న భయంతో ముట్టుకోలేదు. తెలిసిన మెకానిక్ టెఫ్లాన్ టేపు చుట్టమన్నారు గానీ, దాని తునకలు ఇంజన్‌లోకి వెళతాయేమోనని నాకు మనసొప్పడం లేదు. రాగి వాషరు వేయవచ్చా? సముద్రపు గాలికి బోల్టు తల తుప్పు పట్టింది, దాన్ని కూడా మార్చాలా? పోసిన కొత్త ఆయిల్‌ను శుభ్రమైన పాత్రలోకి దించి తిరిగి పోయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.