బస్తీ పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నా, ఒక చిక్కొచ్చి పడింది

నమస్తే అండి. మాది నిజామాబాద్. కాలేజీ రోజుల్లో జిల్లా స్థాయి దాకా ఆడాను, అంతకుమించి పేరేం లేదు. ఏడాదిగా సాయంత్రం పూట మా బస్తీలో పదిమంది పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నా. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లు, సగంమంది బడి మానేసినోళ్లే. ఇద్దరి మీద సెల్‌ఫోన్ దొంగతనం కేసులున్నాయి. మా ఊరి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది కదా, అందుకే పిల్లల్ని రప్పించడం కష్టం కాలేదు. నిలబెట్టడమే కష్టం.

పోయిన వారం 16 ఏళ్ల కుర్రాడొకడు టీకొట్టు దగ్గర గొడవపడి ఇంకొకడి పెదవి పగలగొట్టాడు. వాళ్లు కేసు పెట్టలేదు. బయట చెయ్యెత్తినవాడు క్లాసుకు రావొద్దని మొదటిరోజే చెప్పి ఉన్నా. ఇప్పుడు పంపేస్తే వీడు మళ్లీ పాత గుంపులోకే పోతాడు. పంపకపోతే మిగతావాళ్ల దగ్గర నా మాట చెల్లదు. బీడీలు చుట్టే వాళ్లమ్మేమో "గా గంటన్నరే నాకు నిమ్మళం సారూ" అంటోంది.

ప్రస్తుతానికి స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా ఆడే సాధన పోటీ) ఆపించి, తాడాట, షాడో (ఎదుట ఎవరూ లేకుండా గాల్లో పంచ్‌లు విసిరే సాధన), చిన్నోళ్ల చేతులకు పట్టీలు కట్టే పని అప్పజెప్పా. ఇది శిక్షా, ప్రమోషనా అని వాడే అడిగాడు!

ఇలాంటి పిల్లలతో పనిచేసినవాళ్లు ఎన్నాళ్లకు మళ్లీ స్పారింగ్‌కు దించారు? దెబ్బతిన్న అబ్బాయి ఇంటికి తీసుకెళ్లి క్షమాపణ చెప్పిస్తే మంచిదేనా, గొడవ ఇంకా పెరుగుతుందా?

ఇంకోటి, వాడేసిన 14 ఔన్సుల గ్లవ్స్ తక్కువలో ఎవరైనా ఇస్తారా? మా దగ్గరున్న రెండు జతల్లో స్పాంజి అణిగిపోయింది, వాటితో తలకు కొట్టించాలంటే భయమేస్తోంది.