అప్‌డేట్: డెల్ఫీనియం కాడలు విరగడం ఆగింది

పూలమడి వెనుక వరుసలోని డెల్ఫీనియం కాడలు పూత బరువుకు, గాలికి విరిగిపోతున్నాయని ఇంతకుముందు అడిగాను; సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. ఈసారి మొక్కలు 30 సెంటీమీటర్ల ఎత్తుకు రాగానే ప్రతి కాడ పక్కనా వెదురు కర్ర పాతి, మెత్తని పురికొసతో వదులుగా కట్టాను. కాడ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి, బిగించి కడితే ముడి దగ్గరే మడతపడి విరుగుతుంది. బలహీనమైన పిలకలను మొదట్లోనే తీసేయడంతో మిగిలినవి లావెక్కి, దాదాపు 5 అడుగుల ఎత్తున నీలి కంకులు నిటారుగా నిలిచాయి. వాడిన కంకులను పక్కకొమ్మలకు పైగా కత్తిరించాక చిన్న కంకులు మళ్లీ వేస్తున్నాయి. లేత చిగుళ్లను నత్తలు కొరకడం మాత్రం ఆగలేదు. రాత్రిపూట టార్చిలైటుతో వెతికి ఏరివేయడమే, విసుగు పుట్టించినా, నాకు నమ్మకమైన మార్గంగా కనిపిస్తోంది. మొక్క యావత్తూ విషపూరితం కనుక చేతితొడుగులు వేసుకునే కత్తిరిస్తున్నాను.